ఏమీ అడగని శుక్రవారం

మొన్న ఇక్కడ కెనడాలో మా ప్రార్థన కూటం గ్రూపులో పాస్టరుగారు "మీ ప్రార్థన మనవులు పంపండి" అని పెట్టారు. పది నిమిషాల్లో చాంతాడంత జాబితా తయారైంది: ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్, ఇల్లు, పిల్లల సీట్లు. నేనూ ఏదో టైప్ చేయబోయి ఆగాను. హామిల్టన్‌లో స్టూడెంటుగా నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ గుర్తొచ్చింది.

ఆవిడ యూదురాలు, ఎనభై దాటిన మనిషి. ముప్పై నాలుగేళ్ల వయసులో గుంటూరులో నర్సు ఉద్యోగం మానేసి, కుర్రకారు మధ్య మళ్లీ పుస్తకాల సంచి తగిలించుకున్న నాకు తన బేస్‌మెంటు ఇచ్చింది. అప్పట్లో ఏ బస్సెక్కినా సగం మంది మన స్టూడెంట్లే, గది దొరకడమే గగనం. వంటిల్లు మాత్రం పైన, ఇద్దరికీ ఒకటే. మొదటిరోజు "ఆంటీ" అని పిలిస్తే, తనకు మేనకోడళ్లెవరూ లేరని గంభీరంగా చెప్పింది.

కోర్సు అయ్యాక ఆసుపత్రి ఉద్యోగం ఒక్కటే నా ఆశ. అది రాకపోతే ఇండియా వెళ్లిపోదామనుకున్నాను. రాలేదని ఒక శుక్రవారం సాయంత్రం ఈమెయిల్ వచ్చింది. ఏడుస్తూనే అన్నం వండుకుని, గిన్నె పట్టుకుని కిందకి దిగుతూ అలవాటుగా వంటింటి లైటు ఆర్పేశాను. చిన్నప్పుడు లైటు ఆర్పకుండా గదిలోంచి కదిలితే మా అమ్మ "కరెంటాఫీసు మీ తాతదనుకున్నావుటే?" అనేది మరి.

పొద్దున్న తెలిసింది నేను చేసిన నిర్వాకం. శుక్రవారం పొద్దుగూకింది మొదలు మర్నాడు చీకటి పడేదాకా వాళ్ల విశ్రాంతి దినం, ఆవిడ స్విచ్చు ముట్టదు. ఆ లైటు కావాలనే వదిలింది. శుక్రవారాలు నేను ముందే వండుకుని దిగిపోయేదాన్ని, అందుకే అంతదాకా తెలియలేదు. పొద్దుండగానే వెలిగించుకున్న కొవ్వొత్తులు ఉన్నంతసేపూ తిని, ఆపైన చీకట్లో తడుముకుంటూ గిన్నెలు సర్దుకుందట. నాకు తల తీసేసినంత పనైంది. ఒక్క కేక వేస్తే వచ్చేదాన్ని కదా అన్నాను. అలాంటి పని ఆ రోజు ఇంకొకరికి చెప్పకూడదట. దేవుణ్ణి కూడా ఏమీ కోరరట. "ఆరు రోజులూ అడుగుతూనే ఉంటాం. ఏడోరోజు, ఇచ్చినవి చూసుకుంటాం," అంది. నా వాచిన కళ్లు చూసి, వచ్చే శుక్రవారం తనతో తినమంది. ప్రార్థన నన్నే చేయమంది, నా భాషలోనే. షరతు ఒక్కటే, ఏమీ అడక్కూడదు.

ఆ శుక్రవారం కళ్లు మూసుకుని "ప్రభువా" అన్నాను. తర్వాత నోటికొచ్చిందల్లా అడగడమే, మింగేశాను. నా ప్రార్థనలన్నీ "దయచేయుము" మీదే నడిచేవి. వెతుక్కుని వెతుక్కుని, బేస్‌మెంటు వెచ్చగా ఉందన్నాను. అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసాలో ఇంకా ఉందన్నాను. నేను పార్ట్‌టైము చేసే వృద్ధాశ్రమంలో ఒక ముసలాయన నేను తినిపిస్తే తప్ప తినడని చెప్పాను. అప్పటిదాకా ఆ పనిని నేనొక ఉద్యోగంగానే చూడలేదు. కళ్లు తెరిచేసరికి సూపు చల్లారిపోయింది. పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. దేవుడికి ఓపిక ఎక్కువేనంటూ ఆవిడ ఆ చల్లటి సూపే తాగింది.

ఆసుపత్రి ఉద్యోగం నాకు ఎప్పటికీ రాలేదు. నేను వెళ్లిపోనూ లేదు. ఆ వృద్ధాశ్రమంలోనే ఉండిపోయాను, సంతోషంగానే. పెద్దావిడ పోయి చాలాకాలమైంది. ఆ రోజుల్లో దేవుణ్ణి ఏమేమి అడిగానో చాలావరకు మరిచిపోయాను. ఏమీ అడగని ఆ ఒక్క సాయంత్రం మాత్రం ఇన్నేళ్లయినా పాతబడలేదు.