కొండ మీద ఉడకని అన్నం

ఆ రోజుల్లో నాకు భయమంటే తెలియదు, ఎందుకంటే అప్పటికి నాకు తెలిసినవే తక్కువ. పదో తరగతితో చదువు ఆపేసి, పెళ్ళి చేసుకుని అమెరికాలో, శాంటా క్లారాలో దిగాను. ఇంగ్లీషు రాదు, కారు నడపడం రాదు. వచ్చిందల్లా వంట. బియ్యంలో వేలు ముంచి, కణుపు దాకా నీళ్ళు పోశానంటే అన్నం పొడిపొడిగా రావలసిందే. (ఈ మాట అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేదాన్ని.)

ఆ చలికాలం మావారు, ఆయన ఆఫీసు స్నేహితులిద్దరూ కలిసి కొండల్లోకి ట్రిప్ పెట్టారు. ఒకతనిది కరీంనగర్, ఇంకొకతనిది గుంటూరు; నన్ను వదినా అనేవాళ్ళు, నాకు ఇద్దరూ తమ్ముళ్ళే. కనుమ దాటగానే చిన్న ఊరు. నిటారు కప్పుల చెక్క ఇళ్ళు, ఒకటే వీధి, ఒకటే దుకాణం, అదీ సాయంత్రానికే మూసేస్తారు. "బ్రెడ్డూ పిజ్జా ఏమీ కొనకండి, వంట నాది" అని ముందే చెప్పాను. ఆయన స్నేహితులకి మొదటిసారి వండబోతున్నాను మరి. ఆయన ప్రెషర్ కుక్కర్ కార్‌లో పెట్టబోతే, "అదెందుకండీ బరువు, గిన్నె చాలు" అని తీసి కిచెన్‌లో పెట్టేశాను కూడా.

మేం అద్దెకి దిగిన చెక్క క్యాబిన్‌లో నీళ్ళు చిటికెలో మరిగాయి. ఇక్కడి పొయ్యి ఎంత చురుకో అని మురిసిపోయాను. నీళ్ళన్నీ ఇగిరిపోయాయి గానీ మెతుకు పంటి కింద కటుక్కుమంది. మళ్ళీ నీళ్ళు పోశాను. మళ్ళీ కటుక్కు. కరీంనగర్ తమ్ముడు (అందరికన్నా ముందు ఆకలేసేది అతనికే) "అయిందా వదినా? జర జల్దీ, పానం పోతాంది" అని మొదలుపెట్టాడు. గుంటూరు తమ్ముడు ఫోన్‌లో వెతికి, "ఇంత ఎత్తులో నీళ్ళు త్వరగా మరుగుతాయంట గానీ అంత వేడెక్కవంట వదినా. కుక్కర్ ఉండాలంట" అన్నాడు. "మరిగే నీళ్ళు వేడెక్కకపోవడమేంటి, చోద్యం!" అని కసిరాను గానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.  

ఇంకేం చేస్తాను? మరిన్ని నీళ్ళు పోసి, గరిటెతో మెదిపి మెదిపి ఉడికించి, తెచ్చిన పెరుగంతా కలిపి జావ చేశాను. గ్లాసుల్లో పోసి, పక్కన ఆవకాయ ముక్క పెట్టి, తల వంచుకుని నిలబడ్డాను. బయట మంచు కురుస్తోంది. కాసేపటికి ఒక గ్లాసు నా ముందుకొచ్చింది. "ఇంకింత పోస్తవా వదినా? గీ చలికి గిదే కరెక్ట్!" మావారు తన గ్లాసూ చాపారు. గిన్నె అడుగు కనబడేదాకా ఎవరూ లేవలేదు.

ఇప్పుడు జార్జియా రాష్ట్రంలో, కమ్మింగ్‌ అనే ఊళ్ళో ఉంటున్నాం. కరీంనగర్ తమ్ముడు ఎప్పుడొచ్చినా "కొండ జావ" కావాలంటాడు. చేసిస్తే తాగి, "మంచిగుంది గని, గది కాదు వదినా" అంటాడు. కొండలకి వెళ్ళాలంటే మా ఇంట్లో బట్టలకన్నా ముందు కుక్కర్ కారెక్కుతుంది. మూత పెట్టేముందు మాత్రం, ఎవరూ చూడకుండా, ఇప్పటికీ వేలు ముంచి కణుపు చూసుకుంటాను.