నాలుగు ఫారాల్లో పట్టని అప్పన్న

2011. చిక్కడపల్లి మార్కెట్ వెనక గల్లీల నాకు డీటీపీ సెంటర్ ఉండె. డీటీపీ అంటే రాతప్రతిని కంప్యూటర్ల కొట్టి, పేజీలు పెట్టి, ప్రెస్సుకు తయారు చేసిచ్చుడు. పెండ్లి కార్డులు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెటీరియల్, నడుమ నడుమ రిటైరైన పెద్దమనుషుల పుస్తకాలు. తెలంగాణ ఉద్యమంతోని ఆ ఏడు బంద్‌లు ఎక్కువ. షట్టర్ సగం దించుకొని పని చేసుకుంటుంటి.

సూర్యనారాయణ గారు అట్ల వచ్చినోళ్ళే. కోస్తాల సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్ళె స్టేషన్ మాస్టర్ చేసి రిటైరైండ్రు. బర్కత్‌పురల కిరాయికి ఉంటుండె. చేతిల కాగితాల కట్ట.

"మా స్టేషన్ చరిత్ర అమ్మా. మొదటి రైలు నుంచి ఇప్పటిదాకా అన్నీ రాశాను."

"స్టేషన్‌కు చరిత్ర ఏంది సార్?" అని నవ్విన.

"అదేంటమ్మా అలా అంటావు! ఉప్పు బస్తాలు, చేపల గంపలు, సముద్ర స్నానాలకొచ్చే జనం, తుఫానొస్తే తలదాచుకునే జాలర్లు... ఊరంతా మా ప్లాట్‌ఫారం మీదే కదా బతికింది!"

నిజంగనే అన్నీ ఉన్నయి అండ్ల. చేపల గంపలకు మంచు ఎక్కడినుంచి వచ్చేది, వెయిటింగ్ రూం ఎప్పుడు కట్టిండ్రు, పాసింజర్ బండ్ల పాత టైంటేబుళ్ళు, చివరికి సిబ్బంది పేర్లు, ఒక్కొక్కరి మీద నాలుగైదు లైన్లు. ఇవన్నీ నేను ఎప్పుడు చదివిననుకుంటున్నరు? తర్వాత చదివిన. కొట్టేటప్పుడు కాదు.

మా పనిల ఒక రోగం ఉంది. కండ్లు అక్షరం చూస్తయి, వేళ్ళు కొడతయి, మనసు ఇంట్ల పొయ్యి మీద ఉంటది. ప్రూఫ్ చూసినా అంతే. దీర్ఘం ఉందా, ఒత్తు ఉందా అని చూస్తం. ఏం రాసిండ్రని అడిగితే నోరు తెరుస్తం.

పుస్తకం అరవై ఆరు పేజీలొచ్చింది. ప్రెస్సోళ్ళు పదహారు పేజీలను ఒక ఫారం అంటరు, ఒక పెద్ద కాగితం మీద అన్నీ కలిపి అచ్చేసి మడత పెడతరు. అరవై నాలుగైతే నాలుగు ఫారాలు, పని సాఫ్. మిగిలిన రెండు పేజీల కోసం ఇంకో ఫారం ఎక్కియ్యమంటే తిడతరు. అక్షరం చిన్నగ చేద్దామంటే, ముసలోళ్ళు చదవాలె, వద్దని సారే చెప్పిండ్రు. ఇగ కోసుడొక్కటే దారి. ఆనాడు బంద్. ఆఖరి ప్రూఫ్ చూసేతందుకు ఆయన రాలేకపోయిండ్రు. ఫోన్ చేసిన.

"సార్, రెండు పేజీలు ఎక్కువైనయి. వెనక లిస్టులల్ల జర తగ్గిస్త."

"నీకు తెలియందేముందమ్మా, సర్దెయ్."

టైంటేబుళ్ళు తీసేస్తే అయిపోతుండె. కని ఆ గళ్ళు గీసేతందుకు రెండు రోజులు చచ్చిన, తియ్యబుద్ధి కాలే. సిబ్బంది దగ్గర స్టేషన్ మాస్టర్లను ఉంచి, కింద పట్టాలు మార్చే పాయింట్స్‌మన్లను, గేట్‌మన్లను, ఊడ్చేటోళ్ళను లేపేసిన. వీళ్ళ గురించి ఎవరు చదువుతరు అనుకున్న. మా నాయిన పాలమూరు నుంచి వచ్చి ఈ నారాయణగూడ బిల్డింగులకే ఇటుకలు మోసిండు. ఆయన బిడ్డనయ్యుండి నేను అట్ల అనుకున్న. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతోని సస్త.

ఆవిష్కరణ నారాయణగూడల ఒక చిన్న హాల్ల పెట్టిండ్రు. నలభై మంది ఉంటరేమో. ముందు వరుసల నలభై అయిదేండ్ల ఆడమనిషి, పేరు నూకరత్నం. ఆ ఊరి నుంచే ప్రత్యేకంగ పిలిపించిండ్రట. సార్ మొదటి కాపీ ఆమెకిచ్చి, "అరవై ఒకటో పేజీ తియ్యమ్మా. మీ నాన్న ఉన్నాడు" అన్నరు.

ఆమె తీసింది. ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. "లేడండీ" అన్నది.

సార్ పుస్తకం తీసుకొని తనే తిప్పిండ్రు. నా దిక్కు చూసిండ్రు. "అప్పన్న ఏడమ్మా?"

"ఫారం... ఎక్కువైంది సార్..." అన్న. సార్ చేతిల మైకుంది. ఏం రాసిండ్రో ఆ మైకుల ఒక్క మాట చెప్తే అయిపోతుండె. చెప్పలే. "మళ్ళీ వేయిస్తానమ్మా" అని నూకరత్నంతోని అని కూసున్నరు.

తెల్లారి ఫైల్ తెరిచి, నా చేతులతోని నేను కొట్టిందే మొదటిసారి చదివిన. "అప్పన్న, పాయింట్స్‌మన్. తుఫాను రోజున పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. వచ్చే రైలును ఆపమని ఎర్ర దీపమిచ్చి పంపినవాణ్ణి నేనే. నేనే పంపినట్టు కాగితం రాసివ్వాలి, రాయలేదు. రైలు ఆగింది, దీపం పట్టిందెవరో చీకట్లో డ్రైవరుకు కనబడలేదు; అప్పన్న తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. నా ఉద్యోగం పోతుందన్న భయంతో, డ్యూటీ వదిలి పారిపోయాడని విచారణలో చెప్పాను. ఆ కుటుంబానికి రావలసిన ఉద్యోగం నా వల్ల రాలేదు."

ఇంత పుస్తకం ఈ నాలుగు ముక్కల కోసం రాసిండు కదా మనిషి! అప్పుడే ఫోన్ చేసిన. "తప్పు నాది సార్. ఆ పేజీ విడిగ అచ్చేసి అన్ని కాపీలల్ల నేనే అంటిస్త."

రెండు రోజులకు వచ్చిండ్రు. చిన్న చీటీ ఇచ్చిండ్రు. "అప్పన్న, పాయింట్స్‌మన్. తుఫానులో మరణించెను." అంతే.

"మిగతాది సార్?"

"వద్దులేమ్మా. అంతా అయిపోయింది కదా."

"ఆమె ఏమైపోవాలె సార్?"

"హాల్లో చూశావుగా, అందరూ నా వంకే చూశారు. ఒక్కసారి ధైర్యం చేశాను. మళ్ళీ నావల్ల కాదు."

కోపమొచ్చింది. ఏం మొఖం పెట్టుకొని తిట్టాలె? తప్పించుకునే సందు చేసిచ్చింది నేనే. ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టి, చీటీ అంటించిన.

నెల రోజులకు నూకరత్నం వచ్చింది. సార్ పంపిన, చీటీ అంటించిన పుస్తకంల మా అడ్రస్ చూసి వెతుక్కుంటొచ్చిందట. "నాన్న పారిపోయాడనే మా ఊళ్ళో అంటారండీ. ఆవిష్కరణకు పిలిచినప్పుడు, నిజం రాశానని ఆయన ఫోన్లో చెప్పారు. ఇందులో చచ్చిపోయాడని మాత్రమే ఉంది. ఇంకేమైనా రాశారా?"

దాచలే. అంతా చెప్పి, ఫైల్ల ఉన్న పేజీ ప్రింట్ తీసిచ్చిన. నిలబడే చదివింది. రెండోసారి చదివేటప్పుడు ఏడ్చింది. తర్వాత కండ్లు తుడుచుకొని అడిగింది.

"ఇది మీరు కొట్టింది కదండీ, మా ఊళ్ళో ఎవరు నమ్ముతారు? ఆయన చేత్తో రాసింది ఏది?"

రాతప్రతి పని కాంగనే వాపస్ ఇచ్చుడు మా పద్ధతి. ఆమె ముంగటనే సార్‌కు ఫోన్ చేసిన.

"అదా? చించేశానమ్మా" అన్నరు.

ఇప్పుడు నేను కొట్టే ప్రతి లైన్ చదువుత, కోసేముందు రెండుసార్లు చదువుత. ఈ కేసు నాకు నేర్పింది అదే. నేను నేర్చుకుంటే ఆమెకు ఒరిగిందేంది? ఆ ఊళ్ళె ఆమె ఇప్పటికీ పారిపోయినోని బిడ్డనే.