బాన కింది కుదురు

పోయిన నెల మా అక్క మనవరాలు నన్ను కారెక్కించుకొని పాత స్టేషనుకు తీసుకుపోయింది. పెద్ద పట్టాలు వేసి బళ్లన్నీ పక్కదారి పట్టాక ఆ చిన్న స్టేషను చాలా ఏళ్లు మేకలకు నీడయింది. ఈ పిల్లా, దాని స్నేహితులూ కాళ్లరిగేలా తిరిగి, కూల్చకుండా ఆపి, ఒక ఫర్లాంగు చిన్న పట్టాలనూ, ఇంజన్లకు నీళ్లు పట్టే స్తంభాన్నీ ఉన్నవి ఉన్నట్టు నిలబెట్టారు. లోపల గోడమీద, ఒకప్పుడు అక్కడ స్టేషను మాస్టరుగా చేసిన మా బావ ఫోటో, పక్కనే అక్క; ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. అంతే, ఎనభై దాటిన ఈ వయసులో కూడా నా కడుపు భగ్గుమంది. నా ఫోటో ఎందుకుంటుంది, నేనేమన్నా స్టేషను మాస్టరు పెళ్లాన్నా!

ఫోటో కింద మేకుకు పేముతో వంచిన పెద్ద రింగు వేలాడుతోంది. దానికొక తోలు సంచి. "చిన్నజేజీ, ఇదేందో చెప్పు చూద్దాం" అంది పిల్ల. "కుదురు" అన్నాను. అది పకపకా నవ్వింది. నేను నవ్వలేదు.

కర్నూలు రాజధాని అయిందని మా మామగారు మీసం దువ్వుకుంటూ తిరిగిన రోజులవి. అక్కకూ నాకూ ఒకే పందిట్లో పెళ్లి చేశారు. అక్కకు రైలు ఉద్యోగి, నాకు కోయిలకుంట్ల పక్కన నలభై ఎకరాల నల్లరేగడి. అందరూ నన్నే అదృష్టవంతురాలన్నారు. రేగట్లో జొన్నలు పండుతాయి గానీ నీళ్లు పండవు కదా. మా ఊరి బావి ఉప్పు, ఆ నీళ్లలో పప్పు ఉడికి చచ్చేది కాదు. తాగే నీళ్లకు మైలున్నర నడక, ఆ పైన చెలమలో ఊరేదాకా కాపలా. అక్కకేమో ఇంజను కోసం తవ్విన తియ్యనీళ్ల బావి, ఇంటి ముందే కొళాయి. నేను చూడబోయినప్పుడల్లా నిండు చెంబు చేతికిచ్చి "కాళ్లు కడుక్కో మే" అనేది. ఆ చెంబును చూస్తే నాకు ఏడుపొచ్చేది. అది చాలదన్నట్టు, బండి రావడం ఆలస్యమైతే "ఈ పొద్దు మనది ఇంకా రాల్యా" అనేది. మనదంట! రైలుబండి వాళ్లింటి పాడిగేదె అయినట్టు.

ఆ రింగు సంగతి చెప్పాలి. ఒంటి పట్టాల దారి కాబట్టి ఎదురెదురుగా రెండు బళ్లు రాకుండా ఒక ఇనుప గుండు ఉండేది. మాస్టరు మిషన్లోంచి ఆ గుండు తీసి, తోలు సంచిలో వేసి, రింగుతో సహా డ్రైవరుకందిస్తేనే బండి ముందుకు పోవాలి. అది చేతికి రాకపోతే ఎంతటి ఇంజనైనా అక్కడే నిలబడి పొగ వదలాల్సిందే.

ఒక ఎండాకాలం నేను అక్క ఇంట్లో ఉండగా, బండి వచ్చే వేళకు బావ ఆ రింగు భుజాన వేసుకునే మజ్జిగ కోసం ఇంటికొచ్చాడు. దాన్ని ఆఫీసు దాటించకూడదు, కానీ దాహం అలాంటిది. రింగు గోడవార పెట్టి కాళ్లు కడుక్కోడానికి పెరట్లోకి పోయాడు. వంటింట్లోంచి అక్క "మే, ఆ బాన ఒరుగుతాండాది, దానికింద కుదురు సరిగ్గా పెట్టి నీళ్లు నింపు" అని కేకేసింది. చూస్తే గడ్డి కుదురు చీకిపోయి ఉంది. నేను పేము రింగు నేలమీద పరిచి, సంచి గోడవైపు తోసి, దానిమీద బాన కుదురుగా నిలబెట్టి అంచుదాకా నీళ్లు పోశాను. తెలియక పెట్టానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. తెలిసే పెట్టాను.

బండి కూసింది. బావ గోడవార చూసి, ఆఫీసులోనే మరిచానేమోనని పరుగెత్తాడు. బండి వచ్చి ఆగింది, ఆగిపోయింది. జనం దిగి గుమిగూడారు. "ఏం మాస్టరూ, గుండు యాడప్పా?" అని డ్రైవరు అరుస్తున్నాడు. నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను. అంత పెద్ద బండిని నేను ఆపాను! నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు అంత సంతోషం నా పెళ్లిలో కూడా లేదు. తర్వాత బావ ఆఫీసుకూ బండికీ మధ్య అటూ ఇటూ పరుగెత్తడం కనబడింది.

అక్క బయటికొచ్చింది. బాన వైపు చూసింది, నా వైపు చూసింది. బానెడు తియ్యనీళ్లు నేలపాలు చేసి, రింగు లాక్కొని పరుగెత్తింది. "కుదురనుకోని నేనే పెట్టినా" అని అందరి ముందరా చెప్పింది. ఎన్నడూ గొంతు పెంచని బావ "బుద్ధుండాదా నీకు!" అని అరిచాడు. జనం నవ్వారు.

నెల తిరక్కుండా బావను కడప వైపు ఒక స్టేషనుకు మార్చారు. అక్కడ బావి లేదు, తాగే నీళ్లు కూడా రైల్లోనే రావాలి, ఇంటికి రెండు కడవలు. సాగనంపడానికి పోతే అక్క "ఈ బాన నువ్వు ఎత్తకపో మే. ఆడ నింపేదానికి నీళ్లు యాడివి?" అంది. అప్పుడైనా నోరు తెరవచ్చు. తెరవలేదు. బాన బండిలో పెట్టించుకొని ఇంటికొచ్చాను.

ఇదంతా ఆ రింగు ముందు నిలబడి మనవరాలికి చెప్పాను. అది నివ్వెరపోతుందనుకున్నాను. "జేజి మాకు శానాసార్లు చెప్పిందిలే చిన్నజేజీ. 'ఎంతమంది చెయ్యెత్తినా ఆగని బండిని నా చెల్లెలు బాన పెట్టి ఆపింది' అని పడీ పడీ నవ్వేది" అంది.

"తెలిసే పెట్టినాననా?"

"తెలిసే అని."

చూశారా, ఆఖరికి నా తప్పును కూడా నాకంటే ముందు అక్కే చెప్పేసింది, నాకంటే బాగా చెప్పింది కూడా. మళ్లీ కడుపు మండింది, కళ్లు మాత్రం తడిశాయి. బాన ఇంకా మా పెరట్లోనే ఉందని, తెచ్చి ఆ ఫోటో కింద పెట్టుకోమని పిల్లకు చెప్పాను. ఆనాటి బండి అరగంట ఆలస్యంగానైనా ఆ సాయంత్రమే తన ఊరు చేరింది, అక్క దగ్గరికి చేరడానికి నాకే డెబ్బై ఏళ్లు పట్టింది.