డానియేలు బిగించిన తేలిక చక్రం

నిన్న ఉదయం ఫోన్ పెట్టేసి మా ఆవిడ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. తన చెల్లెలి భర్త డానియేలు నిద్రలోనే పోయాడని చెప్పింది.

నేను నమ్మలేదు.

ముందురోజు సాయంత్రమే అతడు నాకు ఫోన్ చేశాడు. ఆదివారం తన కారు మా ఊరు తుష్నాబాద్ తెస్తానని, నడపడం నేర్పిస్తానని అన్నాడు. ఇన్నేళ్లుగా కారు నడుపుతున్నవాడికి కొత్తగా నేర్పేదేముందోయ్ అన్నాను.

నవ్వాడు. "రండి అన్నయ్యా, దాని మిజాజ్ వేరు" అన్నాడు.

ఆ నవ్వే చివరిది.

బంధుమిత్రులారా, డానియేలు మీలో చాలామందికి తెలుసు. దీవుల మధ్య తిరిగే ఓడల ఇంజిన్ గదిలో పనిచేశాడు. సెలవు దొరికితే తన చిన్న కారు కిందే ఉండేవాడు. దాని ఇంజిన్‌ను విప్పి, బలం పెంచి, ఖాళీ మైదానంలో మిత్రులతో పందెం వేసి నడిపేవాడు.

ఆ కారుకు ఏ ఫ్లైవీల్ వేయాలో, ఏ క్లచ్ వేయాలో తేల్చుకోవడానికి అతడు నెలల తరబడి ఆలోచించాడు. ఫ్లైవీల్ అనే మాటకు సరైన తెలుగు నాకు దొరకలేదు. క్షమించండి. ఇంజిన్ వెనుక తిరిగే బరువైన చక్రమది. దాని బరువు తగ్గిస్తే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ ఉరుకుతుంది. వదిలితే అంతే త్వరగా పడిపోతుంది. నెమ్మదిగా కదలవలసిన చోట ఆగిపోతుంది.

ఒకరోజు పాత చక్రాన్నీ, కొత్త చక్రాన్నీ మా వరండాలోకి తెచ్చి, ఒక్కొక్కటే నా చేతిలో పెట్టాడు. నా చొక్కా నిండా గ్రీజు.

మిత్రులందరూ అన్నిటికన్నా తేలికైనదే వేయమన్నారట. దానికి తోడు, గట్టిగా పట్టుకునే బటన్ క్లచ్ వేయమన్నారట. డానియేలు రెండూ కాదన్నాడు. చక్రం మధ్యరకం తీసుకున్నాడు. క్లచ్ మెత్తగా పట్టుకునేది తీసుకున్నాడు.

"మరీ హల్కాది ఒద్దన్నయ్యా. మైదానంలో మజాగానే ఉంటాది. మా చర్చి ఎత్తెక్కే చడాయి మీద బంద్ అయిపోద్ది. రూతు మోకాలు మీకు తెలుసు కదా, పెడల్ మెత్తగా ఉండాల."

పందెం కారుకు భార్య మోకాలు చూసి క్లచ్ ఎంచుకునేవాణ్ణి నిన్నే చూస్తున్నానన్నాను.

"ఆమె తోలలేని బండి నాకెందుకన్నయ్యా?"

ఇప్పుడు ఈ రోజు సంగతి రాయాలి. రాయకుండా ఉందామనుకున్నాను. కానీ వాళ్లుండే డాలీగంజ్ అంతా చూసింది.

మా సంఘంలో శవపేటిక ఉన్న బండి ముందు వెళుతుంది. అందరూ కీర్తన పాడుతూ వెనుక నడుస్తారు. మోకాలి నొప్పితో రూతు అంత దూరం నడవలేదు. డానియేలు కారులోనే అతని వెంట వెళతానంది. తాళం తీసుకుని బయలుదేరబోయింది.

నేను అడ్డుపడ్డాను. ఈ రోజు నువ్వు నడపకూడదమ్మా, చూసేవాళ్లు ఏమనుకుంటారు, పెద్దవాణ్ణి నేనున్నాను కదా అన్నాను.

ఆమె తాళం నా చేతిలో పెట్టి, పక్క సీట్లో కూర్చుంది.

చర్చికి ఎక్కే ఎత్తు మొదట్లోనే కారు ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాను. ఎగిరిపడి మళ్లీ ఆగింది. మూడోసారి వెనక్కి జారింది. వెనుక నడుస్తున్నవాళ్లు పక్కకు దూకారు.

కీర్తన ఆగిపోయింది.

"మాస్టర్‌జీ, ధక్కా మారమంటారా?" అని కారు తోయడానికి వచ్చిన నా పాత విద్యార్థి ఒకడు వెనుకనుంచి అడిగాడు. అక్కరలేదన్నాను. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. ఇంజిన్ అరిచింది. కారు కదలలేదు.

ఈలోగా ముందు బండి మలుపు తిరిగి కనుమరుగైంది.

"బావగారూ, ఆయన దూరమైపోతన్నారు. దిగండి" అంది రూతు.

దిగాను.

ఆమె చెప్పులు విడిచి, సీటు ముందుకు జరుపుకుంది. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి, క్లచ్ నెమ్మదిగా వదిలింది. తెల్లచీర కట్టుకున్న మనిషి, కళ్లు తుడుచుకోవడానికి కూడా స్టీరింగ్ వదలకుండా, నడకంత వేగంతో ఆ ఎత్తంతా ఎక్కింది. ఒక్కచోట ఆగలేదు. కీర్తన మళ్లీ మొదలైంది.

ఎవరూ ఏమీ అనుకోలేదు. అనుకున్నది నేనొక్కణ్ణే.

నేను అందరికన్నా వెనుక నడిచాను. తల ఎత్తలేకపోయాను. ఆమెకు అతనితో మిగిలింది ఆ కాస్త దారే. దాన్ని కూడా నేను తీసుకోబోయాను.

మట్టి వేసి వస్తుంటే రూతు నా దగ్గరకు వచ్చింది. క్షమించమని అడగాలని మాటలు వెతుక్కుంటున్నాను.

"ఆదివారం రండి బావగారూ" అంది. "ఆయన నేర్పిస్తానన్నారంట కదా. నేను నేర్పిస్తాను."

డానియేలూ, ఆదివారం వెళతాను. చెప్పినట్టు వింటాను.

నీవు ప్రభువు సన్నిధిలో నిశ్చింతగా విశ్రమించు, తమ్ముడూ. రూతు మనసుకు నెమ్మది కలుగుగాక.