పిడికిట్లోంచి గాలి

పంతొమ్మిదివందల యాభైల్లో నేను రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో మశూచి టీకాలు వేసేవాణ్ణి. రాళ్ళ దారుల్లో తిరగడానికి నా చిన్న మోటారుసైకిలును ఎత్తు పెంచి, బలం కోసం, ఇంజనుకు గాలి, పెట్రోలు కలిపి పంపే కార్బురేటర్ పెద్దది పెట్టించాను. అయినా మిట్ట ఎక్కేటప్పుడు ఆగిపోయేది. ఇంకా పెద్ద కార్బురేటర్ కొని, ఒళ్ళో పెట్టుకుని కడపలో బస్సెక్కాను.

పక్కన కూర్చున్న పెద్దాయన గోళ్ళనిండా గ్రీజు.

"ఏమప్పా, ఇది యే లారీకి?"

"నా మోటారుసైకిలుకే. మిట్ట ఎక్కలేక ఆగిపోతాండాది."

ఆయన నా అరచేయి దగ్గరికి లాక్కున్నాడు. తన పిడికిలి వదులుగా పట్టి అందులోంచి దాని మీదికి ఊదాడు. గాలి తగిలీ తగలనట్టుంది. బిగించి ఊదితే చురుగ్గా తగిలింది.

"బొక్క పెద్దదైతే గాలికి జోరుండదు, పెట్రోలును లాగలేదు. నీ ఇంజను శానా చిన్నది. బండితో వచ్చిందే పెట్టుకో."

చదువుకున్నవాణ్ణి, ముందు చిన్నతనంగా అనిపించింది. ఇంటికెళ్ళి బండితో వచ్చిన పాతదే బిగించాను.

నెల తిరక్కముందే మిట్ట మీది పల్లెలో మశూచి సోకింది. బండి ఎక్కడా ఆగలేదు. ఆ రోజు టీకా వేసిన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఎదురుపడితే దండం పెడతారు. ఆ దండాల్లో సగం బస్సులో పెద్దాయనకు చెందాలి. నేను పేరైనా అడగలేదు.