తీగకు అటు చివర బాబాయి

మొన్న మంగళవారం పొద్దున్న మా పక్కింటి బాబాయి పోయారు. నేను డ్యూటీ నుంచి ఎప్పుడొస్తానా అని ఎదురుచూసే మనిషి ఈ బిలాస్‌పూర్‌లో ఇక లేరు.

రైల్వేలో టెలిఫోన్ లైన్లు బాగుచేసి రిటైరయ్యారు. చెవులు బాగా మందగించాక ఒక ఉపాయం ఆలోచించారు. స్క్రాప్‌లో దొరికిన రెండు పాత కంప్యూటర్లలో తీగ మీద అక్షరాలు పంపే సీరియల్ పోర్టు కార్డులు బిగించి, ఒకటి నా గదిలో పెట్టి, గోడ మీదుగా తీగ లాగారు. ఇటు నేను టైపు చేస్తే అటు ఆయన తెర మీద అక్షరాలు పడేవి. ఇంగ్లీషు అక్షరాల్లో మా తెలుగు. 'ఏటి కూర?' అన్నది రోజూ మొదటి ప్రశ్న. వంకాయ అన్నానా, ఎగతాళి మొదలు.

కార్డు మొరాయిస్తే నేను విసుక్కునేదాన్ని. ఆయన పెన్సిల్ రబ్బరుతో దాని అంచున ఉన్న పసుపు రేకుల్ని ఓపిగ్గా రుద్దేవారు. "తిట్టకమ్మా, నాలాగే ముసల్దైపోనాది" అనేవారు.

పోయిన నెల అక్షరాలు రావడం ఆగిపోయింది.

"నీవైపు కంప్యూటర్ పెట్టె ఇప్పి సూసినావేటమ్మా?" అని గోడ మీంచి అడిగారు.

ఒళ్లు హూనమై ఉంది. పెట్టె మీద బట్టల గుట్ట. చూశానని తలూపాను. అబద్ధం.

ఆయన తన పోర్టులో రెండు పిన్నుల్ని చిన్న తీగతో కలిపి పరీక్షిస్తే, కొట్టిన అక్షరం తనకే తిరిగొస్తోందట. అంటే ఆయన కార్డు బాగానే ఉంది. గోడ మీది తీగ ఎక్కడా తెగలేదని కూడా చూసుకున్నారు. లోపం నా వైపే ఉండాలని ఆయనకు తెలియకపోదు. అయినా మళ్లీ అడగలేదు. మూడు వారాలు తన కార్డునే విప్పుతూ బిగిస్తూ కూర్చున్నారు. నేను రేపు చూద్దాంలే అనుకుంటూ కూర్చున్నాను. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

నిన్న బట్టలు తీసి పెట్టె విప్పాను. కార్డు నుంచి పోర్టుకు వెళ్లే పట్టీ తీగ ఊడి వేలాడుతోంది. వేలితో నొక్కితే సరిపోయింది.

వాళ్లింటికెళ్లి ఆయన కంప్యూటర్ ఆన్ చేస్తుంటే బాబాయి కోడలు అంది: "అచ్ఛా, బాగైపోయిందా దీదీ? 'అమ్మాయి సూసిందట, లోపం నా కాడే' అనీవారు మావయ్య."

నా గదికి తిరిగొచ్చి, 'లోపం నా వైపే బాబాయ్' అని కొట్టాను. చెప్పులేసుకుని, గోడ చుట్టూ తిరిగి మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. ఆయన తెర మీద ఆ ఒక్క వాక్యం ఉంది. దాని కింద, జవాబు రాయాల్సిన చోట, చిన్న గీత వెలిగి ఆరుతోంది.

"బైఠో దీదీ" అని కోడలు ఆయన కుర్చీ చూపించింది. కూర్చోలేకపోయాను.