పెద్దాయనకు కాదని చెప్పిన రోజు

సహోదరీ సహోదరులారా, ఈ ఉదయం మీ ముందు నిలబడ్డానంటే అది కేవలం దేవుని కృప! రెండువేల సంవత్సరం వస్తోందని కంప్యూటర్ వాళ్లకు గిరాకీ పెరిగిన ఆ వైటూకే రోజులు మీకు గుర్తుండే ఉంటాయి, అప్పుడే నేను విదేశం చేరాను, క్లేటన్‌లో మా అద్దె ఇంట్లో అందరికీ కంప్యూటర్ ఉద్యోగాలే, నేనొక్కణ్ణే పైలట్ లైసెన్సు పట్టుకుని ఖాళీగా కూర్చున్నాను, ఎక్కడికెళ్లినా అనుభవం ఉందా అని అడిగేవాళ్లే గాని ఆ అనుభవం ఇచ్చేవాళ్లు ఒక్కరూ లేరు! "ఒరేయ్ కాకినాడ పైలట్, ఆ రెక్కలు అటకెక్కించి కంప్యూటర్ కోర్సు చెయ్యరా" అని రూమ్మేట్లు ఆటపట్టించేవారు.

చివరికి ఆ దేశంలోనే ఉత్తరాన ఎర్రమట్టి నేలకు పోయాను. అక్కడ వానలకు రోడ్లు మునిగిపోతాయి, దూరాన ఉన్న పశువుల స్టేషన్లకు, అంటే వేల ఎకరాల పశువుల క్షేత్రాలకు, మందులైనా సరుకులైనా చిన్న విమానాల్లోనే వెళ్లాలి. కొత్తవాడికి వెంటనే పైలట్ సీటివ్వరు, ముందు విమానాలు కడగాలి, పెట్రోలు పట్టాలి, మూటలు మొయ్యాలి, అన్నీ సంతోషంగా చేశాను. యజమాని ఒక పెద్దాయన, మంచివాడే గాని నోరు పెద్దది. ఒకరోజు నన్ను పరీక్షిద్దామని సీట్లో కూర్చోబెట్టి, ఇంకో డ్రమ్ము ఎక్కించమన్నాడు. బరువు ఎక్కువైపోతుందని నాకు తెలుసు, కానీ మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పాక ఎదురుమాట ఉంటుందా? "అలాగే సర్" అన్నాను. అంతే, నన్ను దించేశాడు!

మళ్లీ చీపురే గతయింది. షెడ్డు వెనక మోకరించి, "ప్రభువా, విమానం నడపడం నాకు వచ్చు, మనుషులకు భయపడకుండా ఉండడమే రాదు, ఈ భయాన్ని తీసెయ్యి తండ్రీ" అని మొరపెట్టాను.

కొన్నాళ్లకు మళ్లీ పిలిచాడు. నేను నడుపుతున్నాను, ఆయన పక్కన కూర్చున్నాడు, కొండల దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా నల్లటి మబ్బు, కింద నేలే కనబడడం లేదు! "పోనివ్వు, అక్కడ జనం సరుకుల కోసం ఎదురుచూస్తున్నారు" అని అరుస్తున్నాడు. నా నాలుక చివర "అలాగే సర్" ఉంది. యేసయ్యా అనుకున్నాను, అంతే, "లేదు సర్, వెనక్కి తిప్పుతున్నాను" అనేశాను! గొంతు నాదే గాని ధైర్యం నాది కాదు సహోదరులారా! దారంతా ఇక నా పని అయిపోయిందనుకున్నాను. దిగాక విమానం తాళం నా చేతిలో పెట్టి, "నాకే కాదని చెప్పావు, ఇక ఎవరికీ లొంగవు, రేపటి నుంచి ఈ దారి నీదే" అన్నాడు. దేవునికే మహిమ!

ఇప్పుడు ఆ స్టేషన్లకు మందులు తీసుకెళ్లేది మన కాకినాడ కుర్రాడే, ప్రభువును బట్టి అతిశయిస్తున్నాను! మొన్న పొద్దున ఆ పెద్దాయన మబ్బుకేసి చూసి, "వెళ్దామా?" అని నన్నడిగాడు. నన్ను! కాసేపు ఆగుదాం సర్ అంటే, టీ పెట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

మీలోనూ స్నేహితుడికో, పై అధికారికో, చేతిలోని గ్లాసుకో కాదని చెప్పలేక లోలోపల కుమిలిపోతున్నవాళ్లు ఉంటారు. సిగ్గుపడకండి, నా మొర విన్నవాడు మీ మొరా వింటాడు. ముందుకు రండి, నేనూ మీ పక్కన మోకరిస్తాను.